స్పాన్సర్‌షిప్ వేసినంత మాత్రాన దంపతులు కలుసుకోకూడదని కెనడా చట్టం చెప్పలేదు

సంపాదకులకు,

అయ్యా,

విదేశాల్లో ఉంటున్న తెలుగువారి వీసా సమస్యలపై మీ పత్రికలో తరచూ సమాచారం వస్తుంటుంది కనుక, మనవాళ్లలో బాగా పాతుకుపోయిన ఒక అపోహను మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. దంపతుల్లో ఒకరు కెనడాలో ఉండి రెండో వారి శాశ్వత నివాసం కోసం స్పాన్సర్‌షిప్ దరఖాస్తు వేశాక, అది తేలేదాకా ఆ రెండో వారు కెనడా వైపు వెళ్లకూడదని, తప్పదనుకుంటే పెళ్లి సంగతి చెప్పకుండా టూరిస్టుగా వెళ్లిరావాలని చాలామంది చెబుతుంటారు. డబ్బు తీసుకుని సలహాలిచ్చేవారి నోటా ఈ మాట విన్నాను. ఇందులో మొదటి సగం తప్పు, రెండో సగం ప్రమాదకరం.

నేను మిషిగన్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. నా భార్య కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా)తో డెట్రాయిట్ నదికి అవతలి ఒడ్డున ఉన్న విండ్సర్‌లో పనిచేస్తోంది, నన్ను స్పాన్సర్ చేసింది. డెట్రాయిట్, విండ్సర్‌లను 1929లో తెరిచిన అంబాసిడర్ బ్రిడ్జి, ఆ మరుసటి ఏడాది మొదలైన సొరంగ మార్గం కలుపుతున్నాయి. రద్దీ లేని వేళ కారులో కొద్ది నిమిషాల ప్రయాణం. కానీ మా ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే కాబట్టి ఎటు వెళ్లాలన్నా వీసా కావలసిందే. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారిని కెనడా విజిటర్ వీసా అడగదు, హెచ్-1బీ మీద ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. కెనడా పీఆర్ ఉన్న కామన్వెల్త్ పౌరులకు అమెరికా ఒకప్పుడు ఇచ్చిన వీసా మినహాయింపు 2003లోనే పోయింది. మరి ఆమె హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే వీసా) తీసుకుని ఇటే వచ్చేయవచ్చు కదా అని బంధువులు అడుగుతారు. అలా వస్తే స్పాన్సర్‌షిప్ నిలవదు. కెనడా పౌరులైతే, తిరిగి వెళ్లి స్థిరపడతామని చూపించి బయటి నుంచి కూడా జీవిత భాగస్వామిని స్పాన్సర్ చేయవచ్చు. పీఆర్ మాత్రమే ఉన్నవారు కెనడాలో నివసిస్తూనే స్పాన్సర్ చేయాలి. అంటే నా దరఖాస్తు నిలవాలంటే ఆమె అక్కడే ఉండాలి, మేము కలుసుకోవాలంటే నేనే నది దాటాలి.

ఇక చట్టం సంగతి. కెనడా 2001లో చేసుకున్న వలస, శరణార్థుల రక్షణ చట్టంలోని 22వ సెక్షన్, రెండో ఉపసెక్షన్‌లో ఈ విషయం స్పష్టంగానే ఉంది. శాశ్వత నివాసి కావాలన్న ఉద్దేశం ఉన్నంత మాత్రాన ఒక విదేశీయుడు తాత్కాలికంగా రావడానికి అనర్హుడు కాడు, ఇచ్చిన గడువులోగా వెళ్లిపోతాడని అధికారికి నమ్మకం కలిగితే చాలు. అక్కడి వలస అధికారులు దీన్నే డ్యూయల్ ఇంటెంట్ అంటారు. స్పాన్సర్‌షిప్ నడుస్తోందని చెప్పడం తప్పు ఒప్పుకోవడం కాదు. చట్టం ముందే ఊహించి చోటిచ్చిన పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పడమే.

ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తోచిన కారణం ఒకటుంది. మనవాళ్లకు బాగా తెలిసినది అమెరికా చట్టం. అందులోని 214(బి) సెక్షన్ కింద, హెచ్-1బీ, ఎల్ వంటి కొన్ని వీసాలను మినహాయిస్తే, వచ్చేవారంతా స్థిరపడటానికే వస్తున్నారని ముందుగా అనుకుంటారు, కాదని నిరూపించుకునే భారం దరఖాస్తుదారుదే. హెచ్-1బీ ఉద్యోగి భార్య హెచ్-4 మీద వెంట రాగలిగితే, గ్రీన్ కార్డు చేతికొచ్చాక పెళ్లి చేసుకున్నవారి భార్య ఎఫ్2ఏ (గ్రీన్ కార్డుదారుల భార్యాపిల్లల కోటా) వరుసలో నిలబడాలి. ఈలోగా విజిటర్ వీసా అడిగితే ఆ దరఖాస్తే ఆమెకు అడ్డం వస్తుంది. గ్రీన్ కార్డు రాకముందే మూడు ముళ్లూ వేయించాలని తల్లిదండ్రులు తొందరపడటం వెనుక ఉన్న లెక్క ఇదే, ఆ లెక్క సరైనదే. అయితే అమెరికా విషయంలో నేర్చుకున్న ఆ భయాన్ని కెనడాకు కూడా అంటగట్టడం వల్లనే ఇబ్బంది.

పెళ్లిని దాచమనే సలహా ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి. స్పాన్సర్‌షిప్ ఫారంలో పెళ్లి తేదీ, ధ్రువపత్రం, ఫోటోలు అన్నీ ఉంటాయి. విజిటర్ వీసా ఫారంలో అవివాహితుడినని రాస్తే ఆ రెండు కాగితాలూ చేరేది ఒకే శాఖకు. నేను పైన చెప్పిన కెనడా చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం వాస్తవాన్ని వక్రీకరించినట్టు తేలితే ఐదేళ్లపాటు ప్రవేశార్హత పోతుంది. 2014కు ముందు ఇది రెండేళ్లే ఉండేది. ఆ ఐదేళ్లూ శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే వీలు కూడా ఉండదు. నెలల తరబడి ఎడబాటు భరించలేక దాచినవారు చివరకు ఏళ్ల ఎడబాటు తెచ్చుకున్నట్టవుతుంది.

వీసా చేతిలో ఉన్నా సరిహద్దు దగ్గర చివరి మాట అధికారిదే. కాబట్టి ఏం అడిగినా చూపించడానికి వీలుగా కాగితాలు పట్టుకెళ్లడం మంచిది. ఉద్యోగం కొనసాగుతోందని యాజమాన్యం ఇచ్చిన లేఖ, సెలవు మంజూరు, ఇటువైపు ఇంటి అద్దె ఒప్పందం, ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం), స్పాన్సర్‌షిప్ దరఖాస్తు అందినట్టు వచ్చిన రసీదు నాతో ఎప్పుడూ ఉంటాయి. ఎందుకు వస్తున్నారని అడిగితే భార్యను చూడటానికని, పీఆర్ దరఖాస్తు నడుస్తోందా అంటే నడుస్తోందని చెబుతాను. అధికారి వేరే తేదీ వేయకపోతే సాధారణంగా ఆరు నెలల వరకు ఉండవచ్చు. ఇంకా ఉండాలనుకుంటే గడువు తీరకముందే పొడిగింపు కోరాలి. తిరుగు ప్రయాణంలో హెచ్-1బీ వారికి ఉపయోగపడే మరో నిబంధన ఉంది. కెనడాలో ముప్పై రోజులకు మించి ఉండకపోతే, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయినా చెల్లుబాటయ్యే ఐ-94 (అమెరికాలో ఉండగల గడువు చూపే పత్రం)తో అమెరికాకు తిరిగి రావచ్చు. ఆ ప్రయాణంలో కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే మాత్రం ఈ సౌకర్యం వర్తించదు.

దరఖాస్తు ఏ తరగతిలో వేశామన్నది కూడా ముఖ్యమే. కెనడాలోనే కలిసి ఉంటున్న దంపతుల తరగతిలో వేసినవారు మధ్యలో దేశం దాటి, తిరిగి రానివ్వకపోతే దరఖాస్తుకే ముప్పు. అందులో తిరస్కరణ ఎదురైతే వలస అప్పీళ్ల విభాగానికి వెళ్లే హక్కు కూడా లేదు. నాలాగా అటూ ఇటూ తిరగవలసినవారికి బయటి నుంచి వేసే తరగతే నయం. అందులో స్పాన్సర్‌కు అప్పీలు హక్కు ఉంటుంది. పెళ్లి నిజమైనదేనా అని అధికారి తూకం వేసేటప్పుడు ఈ రాకపోకలు మనకు సాక్ష్యంగా కూడా పనికొస్తాయి. పెళ్లిచూపుల తరువాత కొద్ది వారాల్లోనే ముహూర్తం పెట్టుకునే మన సంబంధాల్లో పెళ్లికి ముందు పరిచయం చూపించడం కష్టం. పెళ్లయ్యాక వీలైనప్పుడల్లా కలుసుకున్నామని చూపే టిక్కెట్లు, పాస్‌పోర్టు ముద్రలు ఆ లోటును కొంత పూడుస్తాయి.

ఇంత చెప్పినా కెనడా ప్రభుత్వాన్ని పూర్తిగా సమర్థించలేను. విజిటర్ వీసా తిరస్కరించేటప్పుడు వాడే మూస కారణాల్లో కెనడాలో కుటుంబ బంధాలు ఉండటం ఒకటి. భార్యను చూడటానికి వస్తున్నవాడికి అక్కడ భార్య ఉందన్నదే కారణంగా చూపితే, 22వ సెక్షన్ ఎందుకున్నట్టు? స్పాన్సర్‌షిప్ నడుస్తున్న దంపతుల విజిటర్ వీసాల్లో చాలావాటిని 30 రోజుల్లో తేల్చాలన్నది లక్ష్యమని 2023 మేలో అప్పటి వలస మంత్రి ప్రకటించారు. ఆ మాట అన్ని కార్యాలయాల్లోనూ అమలవుతోందో లేదో పార్లమెంటు సభ్యులు అడగాలి. తిరస్కరణ వస్తే కెనడాలో ఉన్న భాగస్వామి ఐదు డాలర్ల రుసుముతో, దరఖాస్తుదారు సమ్మతితో, అధికారి రాసుకున్న నోట్స్ తెప్పించుకోవచ్చు. మళ్లీ వేసే ముందు అవి చదవడం అవసరం.

చివరగా మీకొక విన్నపం. కెనడా వలస వ్యవహారాల్లో రుసుము తీసుకుని సలహా ఇవ్వాలంటే అక్కడి న్యాయవాదుల సంఘంలో (క్యుబెక్‌లోనైతే నోటరీల సంఘంలోనైనా) సభ్యులో, కన్సల్టెంట్ల కళాశాల (పేరుకు కాలేజే అయినా ఇది వలస కన్సల్టెంట్లను నియంత్రించే సంస్థ) లైసెన్సు ఉన్నవారో అయి ఉండాలి. లైసెన్సు ఉన్నవారి పేర్లు ఆ కళాశాల రిజిస్టరులో ఎవరైనా చూసుకోవచ్చు. హైదరాబాదు, విజయవాడల్లోని కన్సల్టెన్సీల ప్రకటనలు అచ్చువేసే ముందు ఆ లైసెన్సు నంబరు అడిగి, ప్రకటనతో పాటు దానినీ ప్రచురించే నియమం మీ పత్రిక పెట్టుకోవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ట్రాయ్, మిషిగన్