ఆదివారం సోమశిల కయాకింగ్: అందరూ చదవండి

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున 5:30 కల్లా కొల్లాపూర్ బస్టాండ్ దగ్గర కలుద్దాం. వెలుతురు రాగానే సోమశిల రేవులో కయాక్‌లు దింపాలి. ఎండ ముదిరి గాలి లేచిందంటే శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో ఎదురు తెడ్డు వేయడం కొత్తవాళ్లకు కష్టం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. నీళ్లు తగ్గి తేలిన ఇసుక దిబ్బల మీద ఎవరూ కాలు పెట్టొద్దు. ఇది రివర్ టెర్న్‌లనే నది పిట్టలు గుడ్లు పెట్టే కాలం. అవి గూడంటూ కట్టవు, ఇసుకలో చిన్న గుంత చేసి అందులోనే పెడతాయి. మచ్చల గుడ్లు ఇసుకలో కలిసిపోయి, పక్కనే ఉన్నా కనబడవు. నల్లటి తల, పసుపు ముక్కు ఉన్న పిట్ట నెత్తిమీద అరుస్తూ తిరిగితే దగ్గర్లో గుడ్లున్నట్టే, వెంటనే వెనక్కి తిప్పండి. తల్లి లేచి ఎక్కువసేపు దూరముంటే ఆ ఎండకు గుడ్లు పాడైపోతాయి పాపం.

నీటికుక్కలు కనబడితే మన అదృష్టం. తెడ్డు ఆపి చూడండి, వెంటపడొద్దు. కృష్ణలో మొసళ్లున్నాయి, ఈతలు వద్దు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. సద్ది, నీళ్ల సీసా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి.