నాన్నా, ఆ డబ్బులు దొరికాయి

నాన్నా,

ఎలా మొదలుపెట్టాలో తెలీక మూడుసార్లు రాసి డిలీట్ చేశా, అందుకే ముందు అసలు విషయం చెప్పేస్తున్నా. నువ్వు టెన్త్ చదివేటప్పుడు బీరువాలో డబ్బులు పోయాయని చుట్టాలందరి ముందు నిన్ను దొంగ అన్నాను కదా, చెయ్యి కూడా చేసుకున్నాను. ఆ డబ్బులు నువ్వు తియ్యలేదు. నెల తిరక్కుండానే నాకే దొరికాయి, నా బైబిల్ జిప్ కవర్ లోపలి అరలో, కానుకకని నేనే తీసి పెట్టి మర్చిపోయా. దొరికిన రోజు నీకు చెప్పలేదు. ఆ ఆదివారం తీసుకెళ్ళి కానుక పెట్టెలో వేసేసి వచ్చా.

పదకొండేళ్ళయింది. ప్రతి ఏడాదీ ఈస్టర్ ముందు తపస్సు కాలం వచ్చేది, నేను ఒక పూట తినడం మానేసేదాన్ని, టీవీ మానేసేదాన్ని, శుక్రవారం సిలువమార్గం ప్రార్థన ఒక్కటి కూడా మిస్ అవ్వలేదు. అందరూ 40 రోజులు అంటారు, ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి, వాటితో కలిపితే పవిత్ర శనివారం దాకా 46 రోజులు, అన్ని రోజులూ అన్నీ చేసి ఈ ఒక్కటి మాత్రం ముట్టుకోలేదు. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళినా "పిల్లాడి మీద కోప్పడ్డాను ఫాదర్" అని చెప్పి వచ్చేసేదాన్ని. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

మొన్న తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నుదుటిన విభూది పెట్టించుకున్నా. పోయినేడు మట్టల ఆదివారం మనం పట్టుకున్న మట్టల్నే కాల్చి ఆ విభూది చేస్తారు కదా. దానికి ముందు యోవేలు ప్రవక్త మాటలు చదివారు, బట్టలు కాదు మనసు చింపుకోమని, ఆ వెంటనే 51వ కీర్తన. దావీదు రాజు ఆ కీర్తనలో దేవుడితో నీకు మాత్రమే విరోధంగా పాపం చేశాను అంటాడు, నేను ఇన్నేళ్ళూ ఆ మాట వెనకే దాక్కున్నా, దేవుడికి చెప్పుకున్నా చాలు కదా అని. ఆ రోజు మాత్రం ఇంటికొస్తూ దారిలో ఒకటి తట్టింది, దావీదు క్షమాపణ అడగాలన్నా, ఎవరి భార్యని తీసుకున్నాడో ఆ ఊరియా బతికి లేడు, తనే చంపించాడు. నా కొడుకు ఉన్నాడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి ఆ మనిషివి నువ్వే అన్నాడు, నా దగ్గరికి ఎవరూ రారు ఎందుకంటే ఇది నాకు తప్ప ఎవరికీ తెలీదు.

బలిపీఠం దగ్గర కానుక పెట్టేటప్పుడు నీ మీద ఎవరికైనా మనస్పర్థ ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు మత్తయి సువార్తలో చెప్పారు. నేను ఎన్నిసార్లు విన్నానో, అయినా గుర్తొచ్చి కూడా కానుకే ముందు వేశా, అదీ ఏ డబ్బు కోసం నిన్ను కొట్టానో ఆ డబ్బే.

ఇంకొకటి ఉంది, ఇది రాయడం ఇంకా కష్టంగా ఉంది. నువ్వు గుడికి రావడం మానేస్తే నీకు విశ్వాసం పోయిందని నలుగురికీ చెప్పి నీ కోసం ప్రార్థన చేయించాను. ప్రతి వారం మోకాళ్ళ మీద ఉన్న అమ్మని చూసి నీకేమనిపించి ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నువ్వు గుడికి రావాలని ఇది రాయట్లేదు నాన్నా, దానికీ దీనికీ ముడి పెట్టొద్దు.

డాడీకి నిన్న రాత్రి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "వాడికి రాయి" అన్నారు అంతే. పిన్నికీ మావయ్యకీ ఈ వారంలో ఫోన్ చేసి చెప్తాను, వాళ్ళ ముందే నిన్ను దొంగ అన్నా కాబట్టి వాళ్ళకి కూడా నా నోటితోనే తెలియాలి. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా తప్పైందని ఊరుకోలేదు కదా, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. నీ చిన్నతనంలో నేను తీసుకున్నది నాలుగింతలు ఎలా తిరిగివ్వాలో నాకు తెలీట్లేదు.

నన్ను క్షమించు నాన్నా. కోపంలో అనేశాను అని ఇంక అనను, కోపం ఒక్క రోజే, దాచింది పదకొండేళ్ళు. ఈస్టర్ లోపు జవాబు రావాలని లేదు, అది నా పండగ, నీకు గడువు కాదు. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టినట్టే రాయి, అంతా చదువుతాను.

అమ్మ