పాత బల్లను గీకించకండి

సంపాదకులు గారికి,

నగరంలోని అపార్ట్‌మెంట్లలో తలుపు పక్కన గోడకు ఆనించి పాతకాలపు కన్సోల్ టేబుల్ వేసుకునే అభిరుచి పెరగడం సంతోషకరమే. అయితే పాత వస్తువులు అమ్మే జుమేరాత్ బజార్‌లోనైనా, పెద్ద షోరూమ్‌లోనైనా చాలామంది అమ్మేవారి మాట మీదే కొంటున్నారు. సొరుగు బయటకు లాగి మూలల అతుకులు చూడాలి. పాతకాలంలో చేత్తో కోసినవి కొద్దిగా హెచ్చుతగ్గులుగా ఉంటాయి, యంత్రంతో కోసినవన్నీ ఒకే కొలతలో ఉంటాయి. ప్లస్ గాడి స్క్రూలు 1930ల తర్వాతే విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి కనుక, 150 ఏళ్ల నాటిదని చెప్పే బల్లకు అవే ఉంటే, పక్కన అంతకుముందరి స్క్రూల రంధ్రాల జాడ కూడా లేకపోతే, అనుమానించక తప్పదు. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఈ బల్లలను గోడకే బిగించేవారు. కాబట్టి వెనుకవైపు నగిషీ లేకపోవడం లోపం కాదు. కాళ్ల కింద తాజా పొడి రాలుతుంటే మాత్రం పురుగు ఇంకా లోపల ఉందని అర్థం.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది కొన్న తర్వాత జరిగేది. దశాబ్దాల చేతి స్పర్శతో నిగ్గుతేలిన టేకు మీది లక్క పాలిష్‌ను ఉప్పుకాగితంతో గీకించి, మెరిసే కొత్త పూత వేయిస్తున్నారు. పోయిన ఆ పైపొర మళ్లీ రాదు, దానితో పాటు బల్ల విలువా తగ్గుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, పలుచగా తేనెమైనం రాస్తే సాధారణంగా సరిపోతుంది. కొనేముందు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఫ్రెంచ్ ఫర్నిచర్‌ను ఒకసారి నిదానంగా చూడవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్