ఈ ఏడాది ఆవకాయ పెట్టడం లేదండి

నమస్కారమండి. ఎండలు ముదరగానే "కొత్తావకాయ ఎప్పుడు?" అని అడుగుతున్నారు. ఈసారి పెట్టడం లేదు. కాయ సరిగ్గా రాలేదని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, ఏళ్ల తరబడి కొంటున్న మీతో ఆ మాట అనబుద్ధి కాలేదు.

మా అత్తయ్యకు పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇప్పుడు రెండు వారాలకోసారి కీమో. కొంత మందు ఆస్పత్రిలో ఎక్కించి, మిగతాది చిన్న పంపు తగిలించి ఇంటికి పంపిస్తారు. 46 గంటలు అది ఒంటి మీదే ఉండాలి. వాంతులు మాత్రలతో కాస్త తగ్గాయి. చల్లదనంతోనే అసలు బాధ. ఆక్సాలిప్లాటిన్ అనే మందు వల్లట. ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీస్తే వేళ్లకు సూదులు గుచ్చినట్టు, చల్లనీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు ఉంటోందంటారు. తెనాలి ఎండల్లోనూ గోరువెచ్చని నీళ్లే.

నోరంతా పూసింది. ఏది తిన్నా ఇనుము నాకినట్టుందట. మా పచ్చళ్లకు ఉప్పు తేల్చేదేమో ఆవిడే! కొలతలన్నీ నా దగ్గర రాసి ఉన్నాయి, కానీ ఏ చెట్టు కాయ పులుపు దానిదే కదా. మూడో రోజు జాడీ తిరగకలిపి, ముక్క నోట్లో వేసుకుని "ఇంకో గుప్పెడు పడాలే" అనేది అత్తయ్యే. నేను పెట్టలేక కాదు. ఆవిడ రుచి చూడలేక పక్కన కూర్చుని నా మొహం వంక చూస్తుంటే, ఆ పని నా వల్ల కాదు.

పోపు వాసన కూడా పడటం లేదు. అందుకే పొడులు మా పిన్నిగారింట్లో కొడుతున్నాం. కందిపొడి, కరివేపాకు పొడి దొరుకుతాయి, కీమో ఉన్న వారం మాత్రం అవీ ఉండవు. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు డాక్టరు. తెల్లకణాలు తగ్గి ఉంటాయి కదా, చిన్న ఇన్ఫెక్షన్‌నైనా తేలిగ్గా తీసుకోకూడదట. అలాంటి రోజు కొరియర్ ఆగిపోతే ఏమనుకోకండి.

ఆవకాయకు అడ్వాన్సు కట్టినవాళ్లకు ఈ వారంలో డబ్బు వెనక్కి వేసేస్తాను. లక్ష్మణఫలం ఆకుల కషాయంతో క్యాన్సర్ తగ్గుతుందనే మెసేజ్‌లు దయచేసి పంపొద్దు. మంచికే పంపుతున్నారని తెలుసు, కానీ ఈ ఫోను అత్తయ్య కూడా చూస్తారు, చదివి లేనిపోని టెన్షన్ పడుతున్నారు.

ఆర్డర్లు వాట్సాప్‌లో రాసి పెట్టండి, ఫోన్ చేయకండి. మధ్యాహ్నం ఆవిడకు కాస్త కునుకు పట్టేసరికి రింగు మోగుతోంది.