ముందు రాయనివ్వండి, తర్వాత నేర్పనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

తిరుపతి, చిత్తూరు కళాశాలల విద్యార్థులు తెలుగు వికీపీడియాలో రాయడానికి ముందుకు రావడం ఎంతో సంతోషించదగ్గ విషయం. 2003 డిసెంబరులో మొదలై, జీతం తీసుకోని మనుషుల శ్రమతోనే లక్షకు పైగా వ్యాసాలకు చేరిన ఈ విజ్ఞాన సర్వస్వం తన పదకొండవ వార్షికోత్సవాలను 2015 ఫిబ్రవరిలో మన తిరుపతిలోనే జరుపుకుంది. ఇన్ని విశ్వవిద్యాలయాలున్న ఊరి నుంచి రాసేవారు ఇంకా ఎక్కువమంది రావాలని కోరుకునేవారిలో నేనూ ఒకడిని. అయితే ఒక పూట శిక్షణ శిబిరంలో కూర్చుని ఖాతా తెరిచిన విద్యార్థినే, వారం తిరక్కముందే, తర్వాతి బ్యాచ్‌కు మెంటార్‌గా (అంటే నేర్పేవారిగా) నిలబెట్టే పద్ధతి అక్కడక్కడా కనిపిస్తోంది. ఇది ఆ విద్యార్థికీ, అతని దగ్గర నేర్చుకునేవారికీ మేలు చేయదని మనవి చేయడానికే ఈ లేఖ.

వికీపీడియాలో ఎవరి హోదా ఏమిటో ఎవరికీ తెలియదు, తెలియనవసరం కూడా లేదు. ఆచార్యుడైనా ఇంటర్ చదివే పిల్లవాడైనా అక్కడ ఒక వాడుకరి పేరు (యూజర్‌నేమ్) మాత్రమే. ఆ పేరుతో చేసిన ప్రతి మార్పూ తేదీతో, సమయంతో సహా పేజీ చరిత్రలో నిలిచి ఉంటుంది. దాన్ని ఎవరైనా తెరిచి చూడవచ్చు, తప్పయితే రద్దు చేయవచ్చు, ప్రతి వ్యాసానికీ, ప్రతి వాడుకరికీ ఉండే చర్చాపేజీలో ఎందుకలా రాశారని అడగవచ్చు. ముక్కూమొహం తెలియని మనుషులు ఒకరినొకరు నమ్మడానికి అక్కడున్న ఆధారం ఈ చరిత్ర ఒక్కటే. ఆ చరిత్ర ఇంకా ఏర్పడని వ్యక్తి చేతికి కొత్తవారిని అప్పగిస్తే, వారు దేన్ని చూసి అతని మాట నమ్మాలి?

అనుభవం లేని మెంటార్ ఇచ్చే సలహా చాలాసార్లు చూడడానికి సబబుగానే ఉంటుంది, చిక్కంతా అక్కడే వస్తుంది. మన జిల్లాల విభజననే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి ఇక్కడి గ్రామాల వ్యాసాల్లో 'చిత్తూరు జిల్లా' అని ఉన్నచోటల్లా 'తిరుపతి జిల్లా' అని మార్చేయండి అని ఒకరు చెబితే, పదిమంది విద్యార్థులు ఒక్క మధ్యాహ్నంలో వందల పేజీలు మార్చేయగలరు. కానీ పుత్తూరు తిరుపతి జిల్లాలో చేరితే, అదే శాసనసభ నియోజకవర్గంలోని నగరి చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ఆ విభజనలో నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చేరాయి. అందుచేత ఏ మండలం ఎటు వెళ్లిందో ప్రభుత్వ ఉత్తర్వు పక్కన పెట్టుకుని చూసుకోకుండా ఒక్క పేజీని కూడా ముట్టుకోకూడదు.

మండలం సరిగ్గా గుర్తించినంత మాత్రాన పని అయిపోదు. 2011 జనగణనలో కనిపించే 41.74 లక్షల జనాభా 66 మండలాల ఉమ్మడి చిత్తూరు జిల్లాది. దాన్ని తెచ్చి ఇప్పటి చిత్తూరు జిల్లా పేరు కింద పెడితే, అంకె నిజమైనదే అయినా వాక్యం అబద్ధమవుతుంది. స్వాతంత్ర్య సమరయోధుడి వ్యాసంలో ఆయన పుట్టిన ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉందో చెప్పిన వాక్యాన్ని నేటి జిల్లా పేరుతో దిద్దేస్తే చరిత్రే తారుమారవుతుంది. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఏది మార్చాలి, ఏది అలాగే ఉంచి పక్కన 'ప్రస్తుతం' అని ఒక మాట చేర్చాలి అన్న వివేచన శిబిరంలో చూపించే స్లైడ్లతో రాదు. తాను రాసింది ఎవరో రద్దు చేసినప్పుడు, కోపం తెచ్చుకోకుండా కారణం అడిగి తెలుసుకుని, మళ్లీ రాసినవారికే అది పట్టుబడుతుంది.

కాపీహక్కుల సంగతీ ఇంతే. తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి రాయాలని ఒక అమ్మాయి ఉత్సాహంగా కూర్చుంటుంది. దగ్గరున్న పుస్తకంలో జాతరలో భక్తులు వేసే వేషాల వర్ణన బాగుందని నాలుగు పేరాలు యథాతథంగా ఎక్కిస్తుంది. పుస్తకం పేరు మూలాల్లో ఇచ్చావు కదా, సరిపోతుందిలే అంటాడు మెంటార్. సరిపోదు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల దాకా ఆ రచనకు హక్కు ఉంటుంది. మూలం పేర్కొన్నంత మాత్రాన ఆ పేరాలు ఎత్తి రాసుకునే అనుమతి రాదు. మర్నాడు అనుభవమున్న వాడుకరి ఒకరు ఆ భాగాన్ని తొలగిస్తారు, తొలగించడం వారి బాధ్యత కూడా. కానీ చెప్పినట్టే చేసిన ఆ అమ్మాయికి తన శ్రమను ఎవరో అపరిచితుడు చెరిపేశాడన్నది ఒక్కటే కనిపిస్తుంది. సలహా ఇచ్చినవాడి పేరు మీద మచ్చ పడదు, హెచ్చరిక ఆమె చర్చాపేజీలోనే పడుతుంది. ఆమె మళ్లీ లాగిన్ కాకపోతే తప్పెవరిది? నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది ఇదే. దొర్లిన తప్పును ఎవరో ఒకరు దిద్దుతారు, మనసు విరిగి వెళ్లిపోయిన మనిషి మాత్రం తిరిగి రావడం అరుదు.

తెలుగులో రాసేవారే కొద్దిమంది, ఇన్ని నియమాలు పెడితే నేర్పేవారు ఎక్కడ దొరుకుతారని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఖాతా తెరవడం, తెలుగులో టైపు చేయడం, ఫొటో ఎక్కించే బటన్ ఎక్కడుందో చూపించడం, వీటికి నిన్న నేర్చుకున్నవారైనా చాలు. పక్క బెంచీ స్నేహితుడు చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది కూడా. వ్యాసానికి ఏ మూలం పనికివస్తుంది, ఏ వాక్యం ప్రచారంలా ఉంది, వివాదం వస్తే ఎలా మాట్లాడాలి అన్న చోటే అనుభవం అవసరం. ఈ రెండింటినీ వేరుచేసి చూస్తే కొరత అంత పెద్దదేమీ కాదు.

ఇంగ్లీషు వికీపీడియాలో కొత్తవారికి మార్గదర్శకులుగా నమోదు కావాలంటే కనీసం 500 మార్పులు చేసి, ఖాతా తెరిచి 90 రోజులు అయి ఉండాలన్న నియమం ఉంది. అలాంటి హద్దు మంచిదే, కానీ అంకె ఒక్కటే చాలదు. కామాలు, ఖాళీలు సరిచేసుకుంటూ పోతే ఎవరైనా కొద్ది రోజుల్లో 500 దాటవచ్చు. అంతకన్నా ఆ వ్యక్తి చర్చాపేజీ తెరిచి చూడడం మేలు. తన మాట తప్పని తేలినప్పుడు ఏం రాశారు? కొత్తవారు అడిగిన ప్రశ్నకు విసుక్కున్నారా, ఓపికగా లంకె ఇచ్చి వివరించారా? ఈ పరీక్ష పాతవారికీ వర్తిస్తుంది. పదేళ్లుగా రాస్తున్నా, కారణం చెప్పకుండా రద్దు చేసి వెళ్లిపోయేవారిని ఎవరూ గురువుగా ఎంచుకోరు, ఎంచుకోనక్కరలేదు కూడా. సీనియారిటీ ఉంది కదా అని ఎవరూ నమ్మకాన్ని హక్కుగా అడగకూడదు.

కళాశాలల యాజమాన్యాలకు, ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) అధికారులకు నా విన్నపం ఇది. సర్టిఫికెట్టును మార్పుల లెక్కతో ముడిపెట్టవద్దు. లెక్క కోసం చేసే మార్పులను సరిదిద్దే భారం రాత్రిళ్లు కూర్చునే కొద్దిమంది స్వచ్ఛంద వాడుకరుల మీద పడుతోంది. ఒక సెమిస్టరు పాటు విద్యార్థిని తన ఊరి వ్యాసమో, తన మండలంలోని పాత గుడి వ్యాసమో ఒక్కదాన్ని శ్రద్ధగా రాయనివ్వండి. వచ్చిన వ్యాఖ్యలకు జవాబులు అతనే ఇవ్వాలి. ఆ తర్వాత అనుభవజ్ఞుడి పక్కన సహాయకుడిగా రెండు మూడు శిబిరాల్లో కూర్చోబెట్టి, అప్పుడు మెంటార్ బాధ్యత ఇవ్వండి. ఇకమీదట ఏ శిబిరం జరిపినా, నేర్పబోయేవారి వాడుకరి పేర్లను ఆహ్వాన పత్రంలోనే ముద్రించండి. విద్యార్థులు ముందుగానే వారి మార్పుల జాబితా తెరిచి చూసుకుని, ఎవరి దగ్గర కూర్చోవాలో తామే నిర్ణయించుకుంటారు.

ఇట్లు,
ఒక తెలుగు వికీపీడియా వాడుకరి,
తిరుపతి