చెరువులో ఉండగానే పట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అక్రమ క్యాట్‌ఫిష్ చెరువుల మీద దాడులు చేశారన్న వార్త మీ పత్రికలో అప్పుడప్పుడూ చూస్తుంటాను. చదివి పక్కన పెట్టేసేవాణ్ని. ఈ మధ్య జేమ్స్ నదిలో కయాక్ క్యాట్‌ఫిష్ పోటీకి దిగాక మాత్రం ఈ ఉత్తరం రాయాలనిపించింది.

మాది ఏలూరు పక్క పల్లె. చాలా ఏళ్లుగా వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఉంటున్నాను. కయాక్ అంటే ఒక్కరు కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. ఈ పోటీలో చేపను తూచరు, కొలుస్తారు. పట్టిన చేపను ఒళ్లోకి లాక్కుని, అంగుళాలు గీసిన పలక మీద పడుకోబెట్టి, మూతి పలక అంచుకి ఆనించి, ఆ రోజు ఇచ్చిన నంబరు కార్డు పక్కన పెట్టి ఫొటో తీయాలి. మూతి అంచుకి తగలకపోతే ఆ ఫొటో చెల్లదు. తర్వాత చేపను బతికుండగానే నీళ్లలో వదలాలి. లైఫ్ జాకెట్ విప్పితే పోటీ నుంచి అవుట్. (ఈ ఒక్క నిబంధన మన గోదావరి పడవల్లోనూ ఇంతే గట్టిగా ఉంటే బాగుండు.)

రిచ్‌మండ్ దిగువన ఈ నదికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. పోటు తిరిగే వేళకి లంగరు వేసి, షాడ్ చేప ముక్క గాలానికి గుచ్చి కూర్చున్నాను. మూడు గంటలు ఏమీ లేదు. ఉన్నట్టుండి రాడ్ నీళ్లకి వంగింది, పడవ ముక్కు గిర్రున తిరిగింది. లంగరు తాడు వదిలేశాను. ఆ చేప నన్నూ పడవనూ పావుగంట సేపు లాక్కెళ్లింది. బ్లూ క్యాట్‌ఫిష్, 38 అంగుళాలు. ఒళ్లో వేసుకుంటే నా మోకాళ్లు కనిపించలేదు. చేతులకంటిన జిగురు ఇంటికెళ్లి రెండుసార్లు తోముకున్నా పోలేదు. పదకొండో స్థానం వచ్చింది, అదే మహా సంతోషం.

దాన్ని నీళ్లలోకి వదులుతుంటే పక్క పడవలోని పెద్దాయన నవ్వి, ‘అది ఈ నది చేప కాదు, తెలుసా?’ అన్నాడు. నిజమే. అది మిసిసిపీ, మిస్సోరి, ఒహైయో నదుల చేప. గాలం సరదా కోసం 1970లలో ప్రభుత్వం వాళ్లే తెచ్చి ఇక్కడి నదుల్లో వదిలారు. ఇప్పుడు కొన్ని చోట్ల నదిలోని మొత్తం చేపల బరువులో 75 శాతం దాకా ఇదేనని అంచనా. ఇక్కడివాళ్లు ప్రాణంగా చూసుకునే నీలి పీతల్నీ తినేస్తోంది. అయినా 32 అంగుళాలు దాటినవాటిని రోజుకి ఒక్కటే ఉంచుకోవాలన్న నిబంధన ఉంది. ఎందుకంటే ఆ పెద్ద చేప చుట్టూ గైడ్లు, పడవలవాళ్లు, పోటీలు, నాలాంటి సరదారాయుళ్లు పుట్టుకొచ్చారు. ఆ రోజు మాలో ఒక్కరికీ దాన్ని చంపబుద్ధి కాలేదు. నాకూ కాలేదు, అబద్ధమెందుకు.

మన దగ్గర పెంచుతున్నది వేరే జాతి, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా కోళ్ల వ్యర్థాలు మేపుతూ గుట్టుగా పెంచుతూనే ఉన్నారు. అది గాలి పీల్చి బతుకుతుంది, తడి నేల మీద పాకుతూ పక్క కుంటలోకి పోతుంది. ఒక్క రాత్రి వరద చాలు, కాలవలో పడటానికి. చిన్నప్పుడు వేసవిలో కాలవలు కట్టేస్తే బురదలో చేతులు పెట్టి మార్పు చేపలు పట్టేవాళ్లం. ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా సలుపే. ఆ మార్పులు, జెల్లలు, వాలుగలు ఈ ఆఫ్రికన్ చేపకి ఒక్క గుటక.

ఇక్కడ సరదా కోసం వదిలారు, అక్కడ లాభం కోసం పెంచుతున్నారు. అంతే తేడా. దాడికి వెళ్లినవాళ్లు చెరువుకి గండి కొట్టి నీళ్లు కాలవలోకి వదిలితే చేపలూ నీళ్లతోనే పోతాయి. వాటిని వలేసి పట్టి, గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. అంతకంటే ముందు సీడ్ (చేప పిల్లలు) ఏ హేచరీ నుంచి, ఏ లారీలో వచ్చిందో తేల్చాలి. చెరువు లీజుకిచ్చిన ఆసామిని వదిలేసి కాపలా మనిషి మీద కేసు పెడితే మళ్లీ ఏడాది అక్కడే పెంచుతారు.

మీ విలేకరులకు నాదొక మనవి. ఈసారి ఇలాంటి దాడి వార్త రాసేటప్పుడు ఆ సీడ్ ఎక్కడిదో, పట్టిన చేపల్ని ఎక్కడ పూడ్చారో కూడా అడిగి వేయండి.

— ఒక పాఠకుడు, రిచ్‌మండ్, వర్జీనియా