జవాబు చెప్పే వీలు లేనివారి గురించి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు జంతువుల ఆసుపత్రులు జనాన్ని దోచుకుంటున్నాయంటూ మీ పాఠకుల పేజీలో వరసగా వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. వాటిలో కొన్ని నిజమే అయి ఉంటాయి. అక్కరలేని పరీక్షలు రాసేవాళ్లు ఈ వృత్తిలోనూ ఉన్నారు. వాళ్ల సంగతి చూడడానికి లైసెన్సు ఇచ్చే మండళ్లున్నాయి. నా అభ్యంతరం వేరు. ఆ ఉత్తరాల్లో అవతలి పక్షం మాట ఒక్కటీ లేదు, ఉండే వీలూ లేదు. యజమాని తన కుక్క గురించి ఏమైనా రాయవచ్చు. డాక్టరు మాత్రం యజమాని అనుమతి లేకుండా కేసు వివరాలు బయటపెట్టకూడదు. అది వృత్తి నియమం. ‘జబ్బు ముదిరాక తెచ్చారు’ అని గానీ, ‘మనుషుల మాత్ర వేసి తెచ్చారు’ అని గానీ ఆమె పైకి అనే వీల్లేదు.

ఆమె అన్నాను. నా భార్య కుక్కలకు, పిల్లులకు వైద్యం చేస్తుంది. కనుక నేను నిష్పాక్షికుణ్ణి కాను, కానీ విషయం దగ్గరి నుంచి చూస్తున్నవాణ్ణి.

మాత్ర సంగతే తీసుకోండి. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. ఆ మందును అరాయించుకునే శక్తి దాని కాలేయానికి లేదు. వేసేవాళ్లు ప్రేమతోనే వేస్తారు. మగపిల్లికి మూత్రం బిగిస్తే రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చు. అది ముక్కుతుంటే ఇంట్లోవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. పెద్దజాతి కుక్కకు పొట్ట ఉబ్బి మెలితిరిగితే గడువు గంటల్లోనే. ఇవన్నీ అర్ధరాత్రే ముంచుకొస్తాయన్నది మా ఇంటి నమ్మకం. నొప్పి ఎక్కడో రోగి చెప్పదు, పైగా కరుస్తుంది. అందుకే రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు. వాటినే మీ పాఠకులు ‘బిల్లు పెంచడం’ అంటున్నారు.

మనుషుల ఆసుపత్రి ఖర్చులో ఎంతో కొంత ప్రభుత్వమో బీమా సంస్థో భరిస్తుంది. జంతువుల దగ్గర చాలావరకు అంతా యజమాని జేబులోంచే పోవాలి. మత్తుమందు, ఎక్స్‌రే యంత్రం, కుట్లు వేసే దారం మాత్రం జంతువులకని చవగ్గా రావు. మనకు మామూలుగా కనబడని అసలు ఖర్చు ఇక్కడ ఒక్కసారిగా కనబడేసరికి అది డాక్టరు అత్యాశగా తోస్తుంది. ‘మూగజీవాల మీద ప్రేముంటే ఉచితంగా చేయండి’ అంటారు. ప్రేమ యజమానిది, ఖర్చు డాక్టరుది అన్నమాట! వైద్యం ఉన్నా డబ్బు లేక కారుణ్య మరణం ఇమ్మని అడిగినప్పుడు ఆ సూది వేయవలసిందీ ఆమే.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. నయం కాని బాధతో ఉన్న ముసలి కుక్కకు అది చివరి వైద్యం. ఆ విషయంలో నా భార్యకు సందేహాలు లేవు. ఇల్లు మారుతున్నామనో, చూసుకునే తీరిక లేదనో ఆరోగ్యంగా ఉన్నదాన్ని తెచ్చినప్పుడే ఆమె కుదేలవుతుంది. కాదంటే తిట్లు. ఒక గదిలో ఏడుస్తున్న కుటుంబం పక్కన నిలబడి, మరునిమిషంలో పక్కగదిలోకి వెళ్లి కొత్త కుక్కపిల్లకు టీకా వేస్తూ దాన్ని తెచ్చిన పిల్లలతో నవ్వుతూ మాట్లాడాలి. అలాంటి రోజు సాయంత్రం మా ఇంట్లో ఎవరూ ఆమెను ప్రశ్నలు అడగరు. బంధువులు మాత్రం తమ కుక్క చెవి ఫోటోలు ఫోనులో పంపుతూనే ఉంటారు.

ఒంటికి తగిలే దెబ్బలు వేరు. పిల్లి కాటు పైకి సూదిపోటంతే ఉంటుంది, లోపల చీము పట్టి వేలు కదలకుండా పోతుంది. శస్త్రచికిత్సలు చేసే చేయి అది. గర్భంతో ఉన్నవాళ్లు ఎక్స్‌రేలకు, మత్తు వాయువులకు దూరంగా ఉండాలి. ఒకే డాక్టరున్న క్లినిక్‌లో ఎలా ఉంటారు?

అమెరికాలో 1979 నుంచి 2015 వరకు పశువైద్యుల మరణాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. సాధారణ జనాభాతో పోలిస్తే ఆత్మహత్యలు పురుష వైద్యుల్లో 2.1 రెట్లు, మహిళా వైద్యుల్లో 3.5 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అలా చనిపోయినవారిలో 75 శాతం చిన్న జంతువుల వైద్యంలో ఉన్నవారే. (అక్కడ ఎక్కువమంది చేసేది ఆ పనే కనుక ఆ 75ను విడిగా చూసి హడలిపోనక్కరలేదు, మొదటి రెండు అంకెలే చాలు.) కారణం ఇలాంటి నిందలొక్కటేనని ఎవరూ చెప్పలేరు. కానీ ఇంటర్నెట్‌లో పేరు పెట్టి ‘హంతకురాలు’ అని రాస్తే, నియమానికి కట్టుబడి నోరు మెదపలేని మనిషి ఆ రాత్రి ఎలా గడుపుతుందో నేను చూశాను.

ఫిర్యాదులు వేయవద్దని కోరడం లేదు. వేసే ముందు, కేసు వివరాలు చెప్పడానికి డాక్టరుకు అనుమతి ఇస్తారా అని ఉత్తరం రాసినవారిని అడగండి. ఇస్తే రెండు పక్షాల మాటా వేయండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న ఒక్క వాక్యం ఆ ఉత్తరం కింద అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పశువైద్యురాలి భర్త
(పేరు ప్రచురించవద్దని మనవి)